అగ్గిరామన్నను పంది పొడిచింది

అగ్గిరామన్నకు చావు లేదని చిలకలూరిపేటలో ఇద్దరు గట్టిగా నమ్మేవారు. ఒకరు అఖిల, ఇంకొకడు కోటేష్. కోటేష్‌కయితే అది నమ్మకం కూడా కాదు, రేపు పొద్దున్నే పాలవాడు వస్తాడన్నంత మామూలు సంగతి. ఎందుకంటే అగ్గిరామన్న అతని మనిషి. ఆటలో అతని మనిషి.

కోటేష్‌ది మోటార్ వైండింగ్ షాపు. చుట్టుపక్కల ఊళ్లలో కాలిపోయిన బోరు మోటార్లన్నీ అతని గుమ్మంలోకే వస్తాయి. షాపు మీద ఒక గది ఉంది. వార్నిష్ వాసన మెట్లెక్కి అక్కడిదాకా వస్తుంది. ఆదివారం మధ్యాహ్నం ముగ్గురు స్నేహితులు ఆ గదిలో కూర్చుని ఆడే ఆటకి పేకముక్కలు అక్కర్లేదు, బోర్డు అక్కర్లేదు. కథే ఆట. ఒకరు కథ నడుపుతారు. మిగతావాళ్లు ఆ కథలో తలా ఒక మనిషిగా ఉండి, తమ మనిషి ఇప్పుడేం చేస్తాడో చెబుతారు. చెప్పినంత మాత్రాన జరిగిపోదు. ఇరవై ముఖాల డైస్ ఒకటి దొర్లించాలి. పెద్ద అంకె పడితే పని అయినట్టు, చిన్నది పడితే బెడిసికొట్టినట్టు. ప్రాణం మీదికి వచ్చినప్పుడు పది దాటితే బతుకుతారు, దాటకపోతే పోతారు.

కథ నడిపేది బెన్నీ. స్కూల్లో లెక్కల మాస్టారు. చర్చి నుంచి నేరుగా వచ్చేవాడు, ఇస్త్రీ చొక్కా కూడా మార్చుకోకుండా. రెండు పరీక్ష అట్టలు క్లిప్పులతో కలిపి తన ముందు గోడలా నిలబెట్టుకుని, వాటి వెనక కథ తాలూకు కాగితాలు పరుచుకునేవాడు. దయ్యాల డైసూ, శత్రువుల డైసూ, చావుబతుకుల డైసూ ఆ అట్టల వెనకే దొర్లేవి. అంకె చూసి అతనే పైకి చెప్పేవాడు.

అఖిల గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టులో కంప్యూటర్ పని చేస్తుంది. రోజూ బస్సులో వెళ్తూ వస్తూ ఫోన్లో జపాన్ బొమ్మల సీరియళ్లు, అదే యానిమేలు, చూస్తుంది. అందులోనూ కుర్ర హీరోలు అరుచుకుంటూ కొట్టుకునేవే ఆమెకిష్టం. ఆటలో ఆమె మనిషి నీలాంబరి అనే మంత్రగత్తె. పేరుకే మంత్రగత్తె, యుద్ధమొస్తే అగ్గిరామన్న వీపు వెనకుంటుంది.

ఆ వీపు మామూలుది కాదు. కొండ మీంచి పడ్డాడు, లేచాడు. కొండచిలువ మింగితే లోపల్నుంచి చీల్చుకుని వచ్చాడు. ఒకసారి శత్రు సేనాని కత్తి ఛాతీలోంచి వీపులోకి దిగింది. అగ్గిరామన్న ఆ కత్తి అలాగే ఉంచుకుని, తన చిన్నతనం గురించీ స్నేహం విలువ గురించీ పావుగంట మాట్లాడి, ఆ తర్వాత సేనానిని చంపాడు.

"అది కాదురా, ఛాతీలో కత్తి ఉంటే..." అని బెన్నీ నసిగాడు ఆరోజు.

"మా యానిమేల్లో అంతే," అంది అఖిల. "హీరో మీద బిల్డింగ్ కూలుద్ది. తర్వాతి ఎపిసోడ్‌లో బుగ్గ మీద చిన్న ప్లాస్టర్ ఉంటది. అంతకుమించి ఉండకూడదు."

"మనోడికి ఆ ప్లాస్టర్ కూడా అక్కర్లేదు," అన్నాడు కోటేష్ గర్వంగా.

ఇలా రెండేళ్లు నడిచింది. అప్పుడు వేసవిలో ఒక ఆదివారం బెన్నీ అక్క రెబ్కా మెట్లెక్కి వచ్చింది. ఆమె గుంటూరులో ఒక ఆస్పత్రిలో స్టాఫ్ నర్సు. సెలవు రోజని ఇంటికి వస్తే కరెంటు లేదు.

"ఒరేయ్ బెన్నీ, ఇక్కడ ఇన్వర్టర్ ఉందన్నావుగా? నేనూ ఈ ఫ్యాన్ కింద కూర్చుంటా. మీ ఆట మీరాడుకోండి," అంది.

ఫ్యాన్ కింద ఖాళీగా ఉన్న కుర్చీ ఒక్కటే. అది బెన్నీ పక్కన, అట్టలకి లోపలివైపు ఉంది. బెన్నీ ముఖం ఎందుకో పాలిపోయింది గానీ అక్కని కూర్చోవద్దని ఎలా అంటాడు? ఆమె కూర్చుంది.

అగ్గిరామన్న ఆ సమయానికి కోట బురుజు మీద ఉన్నాడు. కోటేష్ కూడా కుర్చీ మీదికెక్కి, "బురుజు మీంచి దూకుతున్నా! గాల్లో ఉండగానే కింద ఉన్న వాళ్లందర్నీ నరికేస్తున్నా!" అని అరిచాడు.

"నిచ్చెన ఉందిరా," అన్నాడు బెన్నీ నీరసంగా.

"నిచ్చెనలు మనకొద్దు."

బెన్నీ అట్టల వెనక డైస్ దొర్లించాడు. తొంగి చూశాడు. గొంతు సవరించుకున్నాడు. "పద్దెనిమిది. బతికావు. మోకాలు కొద్దిగా గీరుకుంది."

"చూశావా అక్కా!" అని కోటేష్ కుర్చీ మీంచి దూకాడు.

రెబ్కా వంగి చూసి, "అదేంట్రా, మూడు కదా పడింది?" అంది.

ఆమె పాపం మంచి మాటే అన్నాననుకుంది. "తలకిందులుగా చూశావేమో. ఇదిగో, మూడు," అని డైస్‌ని వేలితో అట్టల ఇవతలికి తోసింది.

కోటేష్ ఆ మూడు వంక చూశాడు. బెన్నీ వంక చూశాడు. "కొండచిలువ మింగినప్పుడు ఎంత పడింది?"

బెన్నీ అట్టల క్లిప్పులు సరిచేసుకున్నాడు.

"ఛాతీలో కత్తి?"

"...ఒకటి."

"ఒకటా!" అఖిల గుండె మీద చెయ్యి వేసుకుంది. "ఒకటి పడితే పావుగంట మాట్లాడాడా!"

"కొండ మీంచి పడ్డప్పుడన్నా నిజంగా బతికానా?"

"అప్పుడు తొమ్మిది పడింది," అన్నాడు బెన్నీ. "దగ్గరగా వచ్చావు."

కోటేష్ చెప్పులేసుకుని కిందికి దిగిపోయాడు. కాసేపటికి షట్టర్ సగం ఎత్తిన చప్పుడు, ఆ తర్వాత చేత్తో తిప్పే వైండింగ్ మిషన్ చప్పుడు వచ్చాయి. ఆదివారం పూట కోటేష్ పని చెయ్యడం అఖిల ఎన్నడూ ఎరగదు.

"ఎందుకు చేశావు బెన్నీ?" అని అడిగింది.

బెన్నీ అట్టలు మడిచేశాడు. "సుభానీ గుర్తున్నాడా?"

గుర్తున్నాడు. మొదట్లో నాలుగో మనిషి అతనే. ఆటలో విలుకాడు. మొదటి నెలలోనే ఒక గోతిలో పడ్డాడు. డైస్ చిన్నది పడింది, చచ్చిపోయాడు. పై ఆదివారం క్రికెట్ ఉందన్నాడు. ఆ తర్వాత ఆదివారమూ క్రికెట్టే. ఇప్పుడు రోడ్డు మీద కనిపిస్తే, "ఏరా, ఇంకా ఆడుతున్నారా ఆ దయ్యాలాట?" అని నవ్వి వెళ్లిపోతాడు.

"పేట మొత్తానికి ఈ ఆట ఆడేది మనమే అఖిలా," అన్నాడు బెన్నీ. "వీడు కూడా చచ్చి క్రికెట్‌కి పోతే నేనూ నువ్వూ మిగులుతాం. నువ్వేమో వీడి వెనక దాక్కుంటావు. ఇంక కథ ఎవరికి చెప్పాలి నేను?"

రెబ్కా తమ్ముడి వీపు మీద చెయ్యి వేసి, అంతలోనే ఆ చేత్తోనే ఒకటి చరిచింది. "అబద్ధాలాడి ఆపుకుంటే ఎన్నాళ్లు ఉంటార్రా మనుషులు? పో, పిలుచుకురా."

బెన్నీ వెళ్లలేకపోయాడు. అఖిలే దిగింది. కోటేష్ రాగి తీగ చుడుతున్నాడు. తల ఎత్తలేదు.

"రెండేళ్లు," అన్నాడు. "రెండేళ్లు నేను ఏదో పొడిచాననుకున్నా. షాపులో ఎవడైనా నా మీద అరిస్తే, పోరా, నేను కొండచిలువ కడుపులోంచి వచ్చినోణ్ణి అనుకునేవాణ్ణి లోపల. తీరా చూస్తే మాస్టారు పాస్ మార్కులు వేశాడన్నమాట."

అఖిల నవ్వు ఆపుకోవాలని చూసింది. ఆగలేదు. "కోటేషూ, మా హీరోలకి కూడా అంతేరా. బొమ్మలు గీసేవాడు చంపడు కాబట్టి బతుకుతున్నారు. లేకపోతే మొదటి ఎపిసోడ్‌లోనే పోయేవాళ్లు ఒక్కొక్కడూ."

కోటేష్ చెయ్యి ఆగింది. "అందరూనా?"

"అందరూ. ఎవడికీ నిజంగా పది దాటదు."

కోటేష్ తీగ కట్ట పక్కన పెట్టి లేచాడు. షాపు వెనక్కి వెళ్లి, టిఫిన్ తినే స్టీలు పళ్లెం కడిగి తుడిచి పట్టుకొచ్చాడు. "పద. ఇంకనుంచి డైస్ ఇందులో పడాలి. అందరి ముందూ. చప్పుడు రావాలి."

పైకి వెళ్లి ఆ పళ్లెం బల్ల మధ్యలో పెట్టాడు. బెన్నీ వంక చూడకుండానే, "బురుజు గొడవ అయిపోయింది. నిచ్చెన దిగాననుకో. తర్వాతేంటి?" అన్నాడు.

"చచ్చిపోతే?" అన్నాడు బెన్నీ.

"చస్తే చస్తా. నువ్వు మాత్రం బతికించకు."

సరిగ్గా అప్పుడే మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. వినుకొండ వైపు నుంచి బుల్లయ్య వచ్చాడు. మిర్చి రైతు, కోటేష్ నాన్న కాలం నుంచీ ఖాతాదారు. కింద షట్టర్ సగం తెరిచి ఉంటే తన మోటారు అయిపోయిందేమోనని చూసుకోవడానికి వచ్చాడు.

"రేపు ఇస్తా బాబాయ్. ఇప్పుడు పనిలో ఉన్నాం," అన్నాడు కోటేష్.

బుల్లయ్య పళ్లెం వైపూ, చుట్టూ బిగుసుకుని కూర్చున్న ముఖాల వైపూ చూసి, "ఏం పని రా అబ్బాయ్, ఇంతమంది చేస్తున్నారు?" అని గోడవారనున్న మంచం అంచున కూర్చున్నాడు. ఫ్యాన్ గాలి తగలగానే లేవాలన్న ఉద్దేశం పోయింది.

బెన్నీ నుదురు తుడుచుకున్నాడు. పెద్ద శత్రువుని తెచ్చే ధైర్యం అతనికి లేకపోయింది. డైస్ బయట పడుతుంటే, మొదటిసారే అంత ప్రమాదం ఎందుకు? కాగితాల్లో వెతికి వెతికి, అన్నిటికంటే చిన్నదాన్ని పట్టుకున్నాడు. "కోట దాటి అడవి దారిన పోతున్నారు. సాయంత్రం. పొదల్లోంచి... ఒక అడవి పంది వచ్చింది."

"పందా?" కోటేష్‌కి అవమానంగా ఉంది. "నాకు పందిని పెట్టావా?"

"ఊరికే, దారిలో కాలక్షేపానికి."

"పందంటే నీకు కాలక్షేపమా?" అన్నాడు బుల్లయ్య మంచం మీంచి. "మొక్కజొన్న చేలోకొచ్చిందంటే ఊరు ఊరంతా పళ్లేలు వాయించినా కదలదు. మా మేనమామ తొడ చీల్చింది తెలుసా?"

"బాబాయ్, ఇది ఆట."

"ఆటైనా పంది పందే."

కోటేష్ లేచి నిలబడ్డాడు. "అగ్గిరామన్న కత్తి దూశాడు. పంది కళ్లలోకి చూశాడు. చూస్తూ, తను చిన్నప్పుడు అమ్మతో..."

"వద్దు!" అఖిల బల్ల మీదికి వంగి అతని నోరు మూసింది. "ఫ్లాష్‌బ్యాక్ చెప్పకురా! చిన్నతనం చూపించారంటే ఆ మనిషి ఆ ఎపిసోడ్‌లో పోతాడు. అమ్మ పాట పాడిందంటే ఇంకా తొందరగా పోతాడు!"

"అయితే అమ్మ లేదు. కొడుతున్నా, అంతే!"

డైస్ వేశాడు. పళ్లెంలో టంగుమని దొర్లింది. నాలుగు. కత్తి వెళ్లి చెట్టులో దిగింది.

బెన్నీ పంది తరఫున వేశాడు. అందరూ వంగారు. బుల్లయ్య కూడా కళ్లజోడు పెట్టుకుని వంగాడు.

ఇరవై.

"అది మంచిదా చెడ్డదా?" అన్నాడు బుల్లయ్య.

"పందికి మంచిది," అంది అఖిల.

పంది అగ్గిరామన్నని గుద్ది కింద పడేసింది. కోటేష్ కత్తిని చెట్టులోంచి లాగబోయాడు. రెండు. రాలేదు. పంది మళ్లీ తిరిగింది. బెన్నీ డైస్ పళ్లెం పక్కన పెట్టేశాడు. "కావాలంటే మీలో ఎవరైనా వెయ్యండి," అన్నాడు. రెబ్కా డైస్ తీసుకుని ప్రార్థనలో ఉన్నట్టు కళ్లు మూసుకుని విసిరింది. అది పళ్లెం అంచు మీద ఎక్కి, తిరిగి, తిరిగి, ఆగింది.

మళ్లీ ఇరవై.

గది గొల్లుమంది. అది ఏడుపో నవ్వో ఎవరికీ తెలియదు. అఖిల నెత్తి కొట్టుకుంటోంది. "నేను చెప్పలా? నేను చెప్పలా?" అని బుల్లయ్య మంచం గుద్దుతున్నాడు. కోటేష్‌కి మిగిలింది ఒక్క చావుబతుకుల డైస్. పది దాటాలి. అతను దాన్ని అరచేతుల మధ్య పెట్టి ఊదాడు, తొడకి రుద్దాడు, వేశాడు.

ఆరు.

అందరూ బెన్నీ వైపు చూశారు. బెన్నీ కోటేష్ వైపు చూశాడు. చిన్న గొంతుతో, "అగ్గిరామన్న పడిపోయాడు," అన్నాడు.

"పోయాడా?"

"పోయాడురా."

కోటేష్ మెల్లగా కూర్చున్నాడు. మళ్లీ చటుక్కున లేచాడు. "ఆఖరి మాటలు! ఆఖరి మాటలు చెప్పాలి నేను. రెండేళ్ల నుంచి అనుకుంటున్నా. 'మిత్రులారా, ఈ దేహం రాలిపోవచ్చు గానీ' అని మొదలవుద్ది. చాలా ఉంది."

"దెబ్బ ఎక్కడ తగిలింది?" అని అడిగింది రెబ్కా, ఆస్పత్రి గొంతుతో.

బెన్నీ కాగితం చూశాడు. "తొడ."

"మా మేనమామకి కూడా అక్కడే," అన్నాడు బుల్లయ్య.

"తొడలో పెద్ద రక్తనాళం తెగిందంటే తొందరగా స్పృహ తప్పుద్ది. గొంతు బాగానే ఉంది కాబట్టి మాట వస్తుంది." రెబ్కా కాసేపు లెక్కేసింది. "ఒక్క వాక్యం ఇస్తా."

"ఒక్కటా! అక్కా, దేహం రాలిపోవడానికే రెండు వాక్యాలు పడతాయి!"

"ఇంకొంచెం వాదించావంటే అది కూడా ఉండదు. రక్తం పోతోంది."

అందరూ కోటేష్‌నే చూస్తున్నారు. పెద్ద పెద్ద మాటలు ఒకదాన్నొకటి తోసుకుంటున్నట్టున్నాయి లోపల. అతని చూపు అఖిల మీద పడింది. ఆమె ఎప్పట్లాగే కుర్చీని అతని కుర్చీ వెనక్కి జరుపుకుని కూర్చుంది. ఆటలో నీలాంబరికి ముందు ఇప్పుడు ఎవరూ లేరు.

"నీలాంబరీ, చెట్టెక్కు," అన్నాడు.

ఆ మాట అతనే అన్నాడా అన్నట్టు అందరూ అతని వంక చూశారు. అఖిల ముక్కు ఎగబీల్చింది. మిర్చి ఘాటు అనుకోవడానికి ఇది యార్డు కాదు.

"పిచ్చోడా," అంది. "పావుగంట మాట్లాడిన రోజు కూడా ఇంత బాగా చెప్పలేదురా."

కోటేష్‌కి అప్పుడు వచ్చింది నవ్వు. ముందు భుజాల్లోంచి, తర్వాత కడుపులోంచి. "పందిరా! కొండచిలువ కాదు, సేనాని కాదు, పంది పొడిచింది నన్ను!" అంటూ కిందపడి నవ్వాడు. ఆ నవ్వు రెబ్కాకి అంటుకుంది, ఆమె నుంచి బుల్లయ్యకి. ఎందుకు నవ్వుతున్నాడో బుల్లయ్యకి సరిగ్గా తెలియదు, అయినా కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకున్నాడు. బెన్నీ ఒక్కడే నవ్వలేదు.

"వచ్చే ఆదివారం వస్తావా?" అని అడిగాడు.

"ఎక్కడికి?"

"ఇక్కడికే. ఆటకి."

కోటేష్ నేల మీంచే చూశాడు. "షాపు నాదిరా. గది నాది. పళ్లెం నాది. నేనెక్కడికి పోతాను?"

బెన్నీకి అప్పుడు ఊపిరి ఆడింది. అంతలో బుల్లయ్య చెయ్యెత్తాడు. "మరి పంది?"

"పందేంటి?"

"పంది బతికే ఉందిగా? ఆ అమ్మాయి ఒంటరిగా ఉంది. మీరు కూర్చుని నవ్వుకుంటున్నారేంట్రా!"

నిజమే. ఆ సంగతి అందరూ మర్చిపోయారు. అఖిల గబగబా చెట్టెక్కింది. అంటే డైస్ వేసింది. పదిహేడు, ఎక్కింది. పంది చెట్టు చుట్టూ తిరుగుతోంది. అఖిల తన మంత్రాలన్నీ వెతుక్కుంది. దీపం వెలిగించే మంత్రం, తలుపు మూసే మంత్రం. రెండేళ్లలో ఇంతకంటే పెద్దది ఆమెకి అవసరం పడలేదు. చివరికి పశువుల్ని నిద్రపుచ్చే జోల మంత్రం ఒకటి దొరికింది. కోటేష్ చచ్చినవాడై ఉండీ బల్ల చుట్టూ పరిగెడుతూ, "వెయ్యి! వెయ్యవే! అది చూడకముందే వెయ్యి!" అని అరుస్తున్నాడు. ఆమె వేసింది. పంతొమ్మిది. పంది అక్కడే కాళ్లు చాపి పడుకుని గుర్రుపెట్టింది.

"ఇంక నరికెయ్," అన్నాడు బుల్లయ్య తృప్తిగా.

అఖిల కొమ్మ మీద కూర్చున్నట్టే కుర్చీ మీద కాళ్లు ముడుచుకుని ఆలోచిస్తోంది. ఉన్నట్టుండి ఆమె ముఖం వెలిగిపోయింది. "కోటేషూ! మా వాటిల్లో, హీరోని చావగొట్టిన విలన్ ఆ తర్వాత ఏమవుతాడు?"

కోటేష్ ఆగిపోయాడు. "జట్టులో చేరతాడు."

ఇద్దరూ బెన్నీ వైపు తిరిగారు.

"వద్దు," అన్నాడు బెన్నీ.

"దాని బలం ఎంతో చెప్పు."

బెన్నీ కాగితం చూశాడు. కళ్లు పెద్దవయ్యాయి. "అగ్గిరామన్న కంటే ఎక్కువే ఉంది... కానీ అది పందిరా. మాట్లాడదు. ఉపన్యాసాలు ఉండవు."

"అక్కర్లేదు. ఇంకనుంచి ఆ పందే నా మనిషి. ఈసారి నిజంగా పది దాటి బతుకుతా," అని కోటేష్ మోకాళ్ల మీదికి వంగి, రెండు చేతులూ నేలకి ఆన్చి, ముక్కు ఎగరేసి ఒక గుర్రు వదిలాడు.

"ఛీ, అలా కాదు," అని బుల్లయ్య మంచం దిగాడు. పందులతో జీవితమంతా పోరాడినవాడు, పంచె ఎగగట్టి కోటేష్ పక్కనే నేల మీద వంగాడు. "తల ఎత్తకూడదు. తల దించి ఉంచాలి. ముందు వాసన చూడు. ఊఁ, అట్లా. ఇప్పుడు భుజం వంచు. రా, నా మీదికి రా!"

కోటేష్ వచ్చాడు. బుల్లయ్య వెనక్కి తూలి మంచం మీద పడి, నవ్వలేక నవ్వలేక, "ఆఁ, ఇది పందంటే!" అన్నాడు. రెబ్కా అప్పటికే బెన్నీ దగ్గర ఒక ఖాళీ కాగితం లాక్కుని, ఈ జట్టుకి ఒక వైద్యురాలు కావాలి, లేకపోతే మీ ఎవరికీ ఒళ్లు మిగిలేట్టు లేదు అంటూ తన మనిషికి పేరు వెతుక్కుంటోంది. ఫ్యాన్ కింద కాగితాలన్నీ ఎగురుతున్నాయి. బెన్నీ వాటిని పట్టుకుంటూ, పళ్లెం ముందుకి తోసి, "సరే, పంది నిద్ర లేచింది. ఏం చేస్తుంది?" అన్నాడు.